గణవిభజన ఆపండి, పద్యం వినండి

ప్రశ్న: నమస్కారమండీ. సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్ళకిచ్చే హ్యామ్ లైసెన్స్ వచ్చి మూడేళ్ళయింది. వాయిస్‌లో కొన్ని, కంప్యూటర్లే సందేశాలు మార్చుకునే ఎఫ్‌టీ8లో కొన్ని వందల కాంటాక్టులు చేశాను. లాగ్ బుక్ నిండుతోంది గానీ, మాట్లాడుకున్నది నా కంప్యూటరూ వాళ్ళ కంప్యూటరే తప్ప నేను కాదనిపిస్తోంది. పాతకాలం ఆపరేటర్లలా కీ పట్టుకుని, పొట్టి పొడుగు చప్పుళ్ళతో అక్షరాలు పంపే మోర్స్‌లో మాట్లాడాలని కోరిక. ఎనిమిది నెలలు ఫోన్‌లో యాప్ పెట్టుకుని నేర్చుకున్నాను. అక్షరాలన్నీ వచ్చు. మొన్నొక రాత్రి 40 మీటర్ల బ్యాండ్‌లో, కీయర్ (మోర్స్ తయారుచేసి పంపే మిషన్) మెమరీలో దాచుకున్న సీక్యూ, అంటే 'ఎవరైనా ఉన్నారా' అనే పిలుపు, పంపాను, నిమిషానికి 18 పదాల వేగంతో. ఎవరో వెంటనే పలికారు. నా కాల్ సైన్ (రేడియోలో నా గుర్తింపు పేరు) తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతులకు చెమటలు పట్టాయి. రేడియో ఆపేశాను. ఆయన ఏమనుకున్నాడో అని ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అప్పట్నుంచి చేత్తో నొక్కే నా స్ట్రెయిట్ కీ డ్రాయర్‌లోనే ఉంది. మోర్స్ ఎప్పుడో చచ్చిపోయింది, అంత ఇష్టమైతే మోర్స్‌ను అక్షరాలుగా మార్చి తెరమీద చూపే డీకోడర్ సాఫ్ట్‌వేర్ పెట్టుకో అంటున్నారు మిత్రులు. రెండు పక్కలా నొక్కే మంచి పాడిల్ కొంటే ఏమైనా మారుతుందా? అసలు నాలాంటివాడు దీన్ని ఆనందించగలడా? నా పేరూ కాల్ సైనూ వెయ్యకండి.

సమాధానం: ముందు ఆ రాత్రి సంగతి తేల్చేద్దాం. అవతలాయన మీ గురించి ఏమీ అనుకోలేదు. షార్ట్‌వేవ్‌లో ఇప్పటిదాకా ఖంగున మోగిన సిగ్నల్ మరు నిమిషంలో గాల్లో కలిసిపోవడం రోజూ జరిగేదే. దానికి క్యూఎస్‌బీ అని పేరు కూడా ఉంది. మిమ్మల్ని ఇంకో రెండుసార్లు పిలిచి, బ్యాండ్ పడిపోయిందనుకుని, ఇంకొకరిని వెతుక్కుంటూ వెళ్ళిపోయి ఉంటాడు. ఈ పాటికి మీ కాల్ సైన్ కూడా మర్చిపోయి ఉంటాడు. గుర్తుపెట్టుకుని బాధపడుతున్నది మీరొక్కరే.

రేడియో ఆపేయడం కన్నా పరువు తక్కువ పని నేను చేశాను, వినండి. నా మొదటి మోర్స్ కాంటాక్టులో అవతలాయన రిపోర్టు (నా సిగ్నల్ ఎలా వినిపిస్తోందో) పంపి, నా పేరు అడిగాడు. నాకు అర్థం కాలేదు. తెలిసిందల్లా 599 ఒకటే కాబట్టి అదే పంపాను. ఆయన మళ్ళీ అడిగాడు. మళ్ళీ 599. మూడోసారి ప్రశ్నార్థకం ఒక్కటే పంపాడు. నేను కంగారులో 599 పంపి, దాని వెనకే 'మళ్ళీ చెప్పండి' అని కలిపాను. 599 అంటే ఏమిటో మీకు తెలుసు: స్పష్టత అయిదుకి అయిదు, బలం తొమ్మిదికి తొమ్మిది, స్వరం తొమ్మిదికి తొమ్మిది. అంటే 'మీ మాట అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తోంది, ఏమన్నారు?' అన్నానన్నమాట. అటునుంచి డిడిడిడి, డిడి అని వచ్చింది (పొట్టి చప్పుడు డి, పొడుగుది డా). హెచ్, ఐ. మోర్స్‌లో నవ్వు అది. తర్వాత ఆయన వేగం సగానికి సగం తగ్గించి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు ఒక్కో అక్షరం పంపాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతోనే.

ఇక మీ విషయంలో ఏం జరిగిందంటే, మీరు మిషన్ చేత పిలిపించి చెవితో వినబోయారు. కీయర్ మెమరీలోంచి 18 పదాల వేగంతో, అచ్చు గుద్దినట్టు సీక్యూ వస్తే, అవతలి మనిషి ఇతనికి 18 బాగా వచ్చు అనుకుంటాడు. పిలిచినవాడి వేగంతోనే జవాబివ్వడం మోర్స్‌లో మర్యాద. ఆయన మర్యాదగానే పలికాడు, లేదా ఉత్సాహంలో ఇంకో రెండు మూడు పెంచి ఉంటాడు. కాబట్టి ఏ వేగంలో వినగలరో ఆ వేగంలోనే పిలవండి. మీకు 10 అయితే 10. అప్పటికీ అవతలివాళ్ళు వేగంగా వస్తే క్యూఆర్‌ఎస్ పంపండి. నెమ్మదిగా పంపమని దానర్థం. దాన్ని పంపడానికి కొత్తవాళ్ళు ఎందుకంత సిగ్గుపడతారో నాకు అర్థం కాదు. ఆ కోడ్ ఉన్నదే అడగడానికి. నాకు తెలిసినంతలో, నిజంగా చెయ్యి తిరిగిన ఆపరేటర్లకు నెమ్మదిగా పంపడం పెద్ద పని కాదు. తగ్గని మనిషి తగిలితే 73 (శుభాకాంక్షలు అనే కోడ్) కొట్టి మర్యాదగా సెలవు తీసుకోండి. నష్టం ఆయనకే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. అక్షరాలన్నీ వచ్చు అన్నారు. వచ్చు, కానీ ఎలా వచ్చు? డా-డి-డా-డి వినపడగానే మీ బుర్రలో 'పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి, అంటే సీ' అని ఒక లెక్క నడుస్తోందని నా అనుమానం. ఆ లెక్క తేలేలోపు తర్వాతి అక్షరం క్యూ కూడా దాటిపోతుంది. నిమిషానికి 20 పదాల వేగంలో ఒక డి సెకనులో నూటికి ఆరు వంతులే ఉంటుంది. దాన్ని పట్టుకుని లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. 12 పదాల వేగంలోనైనా అది సెకనులో పదో వంతే.

బళ్ళో ఛందస్సు చదువుకున్నారు కదా. లఘువు, గురువు. మోర్స్ కూడా అదే సరుకు, కొలత ఒక్కటే తేడా. మనకు గురువు రెండు మాత్రలు, ఇక్కడ డా మూడు డిల పొడుగు. సరదాకి చెబుతున్నాను, మూడక్షరాల గణాలు ఎనిమిదీ మోర్స్‌లో ఎనిమిది ఇంగ్లిషు అక్షరాలవుతాయి. న గణం ఎస్, మ గణం ఓ, భ గణం డీ, జ గణం ఆర్, ర గణం కె, స గణం యూ, య గణం డబ్ల్యూ, త గణం జీ. ఓడలు 1906 బెర్లిన్ సమావేశం తర్వాత ఆపదలో పంపిన ఎస్‌ఓఎస్ అంటే న-మ-న, మధ్యలో ఖాళీ లేకుండా. (యమాతారాజభానసలగం ఇంకా నోటికి వచ్చినవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం మురిసిపోవచ్చు.)

అయితే ఈ పట్టిక పెట్టుకుని నేర్చుకోవద్దు. ఎందుకొద్దో చెప్పడానికే దీన్ని ఎత్తాను. ఎవరైనా ఉత్పలమాల చదువుతుంటే మీరు భ-ర-న-భ-భ-ర-వ అని వేళ్ళ మీద లెక్కపెడుతూ వింటారా? ఆ నడక చెవిన పడగానే ఉత్పలమాల అని తెలుస్తుంది, మనసు అర్థం మీదికి పోతుంది. గణవిభజన పరీక్ష పేపర్లో చేసే పని. మీరు ఎనిమిది నెలలుగా గణవిభజన చేస్తున్నారు, పద్యం వినడం ఇంకా మొదలుపెట్టలేదు. సీక్యూ అనేది ఎనిమిది ముక్కలు కాదు, ఒక్క నడక. మీ కాల్ సైనూ అంతే. ఆ రాత్రి అదొక్కటే అర్థమైందన్నారు చూడండి, అందులోనే జవాబుంది. దాన్ని మీరు లెక్కపెట్టలేదు, గుర్తుపట్టారు. మిగతావి కూడా అలాగే కావాలి. పెద్ద సంఖ్య కూడా కాదు. మామూలు కాంటాక్టులో తిరిగే మాటలు కలిపి వందకు అటూ ఇటూ ఉంటాయి. థ్యాంక్స్‌కి టీఎన్‌ఎక్స్, మరియుకు ఈఎస్, మీకు ఎలా వినిపిస్తోంది అనడానికి హెచ్‌డబ్ల్యూ, అవతలివాడికి ఇరవయ్యేళ్ళున్నా సరే ఓఎమ్, అంటే ముసలాయన. వరస కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే: పలకరింపు, రిపోర్టు, పేరు, ఊరు, మళ్ళీ మీ వంతు. రెండో దఫాలో రేడియో, యాంటెన్నా, వాతావరణం. తర్వాత ఏం రాబోతోందో సగం ముందే తెలిసిన సంభాషణ ఇది. యాప్‌లో వచ్చే అయిదక్షరాల అర్థం లేని గుంపుల కన్నా ఇది సులువు. మీరు కష్టమైనది చేసి, సులువైనదాని దగ్గర భయపడుతున్నారు.

యాప్ మానేయమనను. అక్షరాన్ని 18, 20 వేగంలోనే మోగించి, అక్షరాల మధ్య ఖాళీ మాత్రం పెంచి వినే పద్ధతిని ఫార్న్స్‌వర్త్ అంటారు. యాప్‌లో అది పెట్టుకోండి. అక్షరం ముక్కలుగా విడిపోకుండా ఒక శబ్దంగా వస్తుంది, ఆలోచించుకోవడానికి ఖాళీ దొరుకుతుంది. గుంపుల బదులు మాటలు పెట్టండి.

ఇంకొకటి. అక్షరం పోతే పోనివ్వండి. మోర్స్ వినడంలో నేను అన్నిటికన్నా ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే. ఒక అక్షరం జారింది, అదేమిటా అని మీరు వెనక్కి తిరిగారు, ఈలోపు ముందున్న మూడు కూడా పోయాయి. కాగితం మీద ఒక గీత గీసి ముందుకు వెళ్ళండి. 'వె-ర్ వర్షం' అని వచ్చినా అది వెదర్ అని తెలిసిపోతుంది. అసలు రాయడమే మెల్లమెల్లగా తగ్గించండి. కాల్ సైన్, పేరు, ఊరు, రిపోర్టు చాలు. మిగతాది కళ్ళు మూసుకుని వినండి. మొదట్లో గిలగిల్లాడతారు, రెండు మూడు వారాల్లో ఏదో ఒక సాయంత్రం 'యాంటెన్నా' అనే మాట మాటగా చెవిలో పడుతుంది. ఆ రోజు మీరే నాకు ఉత్తరం రాస్తారు.

డీకోడర్ సంగతి. పాపం ఏమీ కాదు, కానీ మీ కష్టం అది తీర్చదు. కంప్యూటర్ పంపిన శుభ్రమైన మోర్స్‌ను అది బాగానే చదువుతుంది. చేత్తో పంపినదాన్ని, అందులోనూ ఉరుముల చప్పుడు మధ్య పెట్టి చూడండి. తెర నిండా ఈ, టీ, ఈ, ఈ, టీ అని కురిపిస్తుంది (ఈ అంటే ఒక డి, టీ అంటే ఒక డా). ప్రతి చిటపటా దానికి ఒక డి లాగో డా లాగో కనిపిస్తుంది మరి. అంతకన్నా పెద్ద చిక్కు కళ్ళది. తెర మీద అక్షరం కనపడుతుంటే చెవి పని మానేస్తుంది. టెలిగ్రాఫు మొదటి రోజుల్లోనే ఇది తేలిపోయింది. 1844లో వాషింగ్టన్, బాల్టిమోర్ మధ్య లైను వేసినప్పుడు సందేశం కాగితం పట్టీ మీద గుర్తులుగా పడేది, దాన్ని చూసి చదవాలి. పక్కన కూర్చున్న ఆపరేటర్లు కొన్నాళ్ళకు పట్టీ చూడటం మానేసి, మిషన్ టకటకలు వినే రాసుకోవడం మొదలుపెట్టారు. చివరికి కాగితం పట్టీనే తీసేసి, టకటకలాడే పరికరం ఒక్కటి ఉంచారు. మీ మిత్రులు మిమ్మల్ని మళ్ళీ కాగితం పట్టీ దగ్గరికి రమ్మంటున్నారు. ఎఫ్‌టీ8 మీద నాకు కోపం లేదు, చెవికి అందనంత నీరసమైన సిగ్నల్‌ను కూడా అది లాగుతుంది, అది గొప్పే. కానీ మీరు ఉత్తరం రాసింది అది నచ్చకే కదా. తెర చూసి చదివి, కీబోర్డుతో పంపితే, 15 సెకన్ల వంతులు లేని ఎఫ్‌టీ8 అవుతుంది, అంతే.

చచ్చిపోయింది అనే మాటకు ఒక్కటే చెబుతాను. ఓడలకు మోర్స్ అవసరం 1999 ఫిబ్రవరితో తీరిపోయింది. హ్యామ్ లైసెన్సుకు మోర్స్ పరీక్ష తప్పనిసరి కాదని, పెట్టాలో వద్దో ఆయా దేశాల ఇష్టమని 2003లో అంతర్జాతీయ రేడియో సమావేశం తేల్చేసింది, అమెరికా 2007లో ఎత్తేసింది. అంటే ఇవాళ చాలా దేశాల్లో మోర్స్ ఎవరికీ అక్కర్లేదు, పరీక్ష కోసమో ఉద్యోగం కోసమో వచ్చేవాళ్ళు తక్కువ. మీకు బ్యాండ్ మీద తగిలే దాదాపు ప్రతి మనిషీ ఇష్టపడి వచ్చినవాడే. ఇంత మంచి గుంపు మోర్స్ బతికున్న రోజుల్లో కూడా లేదు. చచ్చిన భాష అంటున్నారు గానీ, 2004లో ఈమెయిల్ అడ్రస్‌లో వాడే ఆ 'ఎట్' గుర్తును కూడా ఇందులో చేర్చారు, ఏ, సీ కలిపి పంపితే అదే.

పాడిల్ కొనాలా అంటే, ఇప్పుడే వద్దు. డ్రాయర్‌లో ఉన్నది బయటికి తీయండి. స్ట్రెయిట్ కీతో 12, 15 దాకా హాయిగా వెళ్ళొచ్చు, ప్రస్తుతం మీకు కావలసింది అంతకన్నా లేదు. మోచెయ్యి టేబుల్ మీద ఆనాలి, కదలాల్సింది మణికట్టు. వేళ్ళతో టైపు చేసినట్టు పొడవకండి, పావుగంటలో చెయ్యి పట్టేస్తుంది. నొక్కినప్పుడు కీలో ఒకదానికొకటి తగిలే లోహపు ముక్కల మధ్య సందు సన్నగా ఉంచండి, దళసరి కాగితం దూరేంత చాలు. పాడిల్‌లో ఒక పక్క నొక్కితే డిలు, ఇంకో పక్క నొక్కితే డాలు కీయరే తయారుచేస్తుంది. వేగం పెరిగాక అది సుఖం. కానీ కొత్తలో అది చెయ్యి తప్పును దాచేస్తుంది, ఖాళీల తప్పును మాత్రం దాచలేదు. అసలు తప్పులన్నీ ఖాళీల్లోనే ఉంటాయి. అక్షరంలోపల ఒక డి ఖాళీ, అక్షరాల మధ్య మూడు, మాటల మధ్య ఏడు. ఏ తర్వాత మూడు వదలకుండా ఎన్ పంపారనుకోండి, డి-డా, డా-డి కలిసిపోయి డి-డా-డా-డి అయి కూర్చుంటుంది. అది పీ. పంపినవాడికి తను ఏఎన్ పంపానన్న నమ్మకం, విన్నవాడికి పీ ఎందుకొచ్చిందా అని బుర్ర గోక్కోవడం.

దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. రేడియోను ప్రసారం చేయని స్థితిలో పెట్టి, మీ పేరూ ఊరూ రేడియో వివరాలూ పది లైన్లు కీతో పంపుతూ ఫోన్‌లో రికార్డు చేయండి. వెంటనే వినకండి. ఏం పంపారో బుర్రలో ఉంటుంది కాబట్టి అన్నీ ఒప్పులే అనిపిస్తాయి. మర్నాడు వినండి. నేను మొదటిసారి విన్నప్పుడు, ఎవరీ మనిషి, ఇంత తొందరేమిటి ఇతనికి అనుకున్నాను. ఆ ఒక్క రికార్డింగు నాకు నెల పాఠాల పెట్టు.

అలా అని అచ్చుపోసినట్టు పంపాలని పట్టు పట్టకండి. చేతిరాత ఉన్నట్టే చేతి మోర్స్‌కూ ఒక తీరు ఉంటుంది. ఇంగ్లిషులో దాన్ని 'ఫిస్ట్' అంటారు, పిడికిలి అని. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల సందేశాలు దొంగచాటుగా వినే ఆపరేటర్లు, అవతలివాళ్ళు కాల్ సైన్లు మార్చినా, చెయ్యి వాలుని బట్టి మనిషిని పోల్చుకునేవాళ్ళు. నేను ఎన్నో ఏళ్ళుగా వింటున్న ఒకాయన తన కాల్ సైన్ చివరి డాను కాస్త సాగదీస్తాడు, వాకిట్లో నిలబడి మనల్ని పిలిచినట్టు. రెండక్షరాలు వినపడితే చాలు, ఆయనేనని తెలిసిపోతుంది. ఆయన ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఈ మధ్య ఆయన డిలు తడబడుతున్నాయి. నాలుగు డిలు రావాల్సిన చోట మూడు. నేనేమీ అనలేదు, నా వేగం రెండు పదాలు తగ్గించాను. ఆయనా ఏమీ అనలేదు. మీరడిగిన ఆనందం గురించి నాకు తెలిసింది ఇదే, ఇంతకన్నా బాగా చెప్పడం రాదు.

రేడియో దగ్గర రెండు జాగ్రత్తలు. మోర్స్ సిగ్నల్ 150 హెర్ట్జ్ వెడల్పులో ఇమిడిపోతుంది, వాయిస్‌కి రెండున్నర వేల హెర్ట్జ్ కావాలి. అందుకే అయిదు వాట్లతో కూడా దూరాలు వెళ్తుంది. అందుకే పక్క సిగ్నళ్ళను ఆపే ఫిల్టర్లు సన్నగా పెట్టుకుంటారు కూడా. మీరు ఎవరికైనా జవాబిస్తున్నప్పుడు ఆయన స్వరం మీ సైడ్‌టోన్‌తో (మీరు పంపేది మీకు వినిపించే స్వరంతో) ఒకటయ్యేలా ట్యూన్ చేసి పిలవండి. శ్రుతి కలవకపోతే మీరు ఆయన ఫిల్టర్ బయట నిలబడి గొంతు చించుకుంటున్నట్టే. కొత్తవాళ్ళు నాకెవరూ పలకరు అనుకునేది చాలాసార్లు ఇందువల్లే. మీ ఫిల్టర్ మాత్రం 500 హెర్ట్జ్ దగ్గర ఉంచండి, మరీ సన్నం చేస్తే పక్కనుంచి పిలిచేవాళ్ళు మీకూ వినపడరు. వింటున్నప్పుడు వాల్యూమ్ కన్నా ఆర్‌ఎఫ్ గెయిన్ (రిసీవర్ గ్రహణశక్తి) తగ్గించి చూడండి, చెవికి ఎంత హాయో.

ఎక్కడ వెతకాలంటే, తక్కువ పవర్‌తో పనిచేసేవాళ్ళు 7.030, 14.060 మెగాహెర్ట్జ్‌ల చుట్టూ చేరతారు. తొందర లేని మనుషులు అక్కడ దొరుకుతారు. (మీ లైసెన్సు ఆ ఫ్రీక్వెన్సీలను అనుమతిస్తుందో లేదో ఒకసారి చూసుకోండి.) స్ట్రెయిట్ కీ సెంచరీ క్లబ్ అని 2006లో మొదలైనదొకటి ఉంది, చేతి కీలూ బగ్గులూ (స్ప్రింగుతో డిలు వాటంతటవే పడే కీలు) వాడేవాళ్ళదే. అందులో చేరితే మీ చేతి వాలును చూసి ముచ్చటపడతారు తప్ప నవ్వరు. మీ సిగ్నల్ అసలు బయటికి పోతోందా అని టెన్షన్ అయితే, రివర్స్ బీకన్ నెట్‌వర్క్ ఉంది. సీక్యూ పంపండి, ఎక్కడెక్కడి రిసీవర్లు మీ కాల్ సైన్ పట్టాయో నిమిషంలో తెరమీద కనిపిస్తుంది. మనుషులెవరూ చూడకుండా ధైర్యం తెచ్చుకోవడానికి మంచి దారి. కాంటెస్టులు, అంటే ఎక్కువ కాంటాక్టుల కోసం జరిగే పోటీలు, కూడా భయం పోగొడతాయి. అక్కడ అందరూ చెప్పిందే చెబుతారు కాబట్టి ఒకే స్టేషన్‌ను నాలుగుసార్లు విని, కాల్ సైనూ నంబరూ ముందే రాసిపెట్టుకుని, అప్పుడు పిలవచ్చు. అయితే కాంటెస్టుల్లోనే ఉండిపోకండి. 599, థ్యాంక్యూ, తర్వాతివాడు. మీరు పారిపోయి వచ్చింది దాన్నుంచే.

మొదటి వారం పిలవకండి. రోజూ ఇరవై నిమిషాలు, నెమ్మదిగా నడిచే ఇద్దరి సంభాషణ ఏదైనా పట్టుకుని పక్కన కూర్చున్నట్టు వినండి. రెండో వారం నెమ్మదిగా ఎవరైనా సీక్యూ పిలుస్తుంటే, మెమరీ బటన్ ముట్టుకోకుండా, చేత్తో మీ కాల్ సైన్ రెండుసార్లు పంపి జవాబివ్వండి. పేరు, ఊరు, రిపోర్టు రాసిన కాగితం ఎదురుగా పెట్టుకోండి, నేనిప్పటికీ పెట్టుకుంటాను. చెమటలు ఎలాగూ పడతాయి, కీ జారకుండా కింద రబ్బరు ముక్క వెయ్యండి.

చివర్లో 73 వస్తుంది. డాడాడిడిడి, డిడిడిడాడా. ఎటునుంచి విన్నా ఒకటే, అద్దంలో చూసుకున్నట్టు ఉంటుంది. తర్వాత ఎస్‌కే, సంభాషణ అయిపోయిందని. అప్పుడే లేవకండి. ఒక్క క్షణం ఆగితే అటునుంచి ఉత్త డి ఒకటి, ఇంకో డి వస్తాయి. వాటికి అర్థమేమీ లేదు, గడప దాటుతూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపడం లాంటిది. మీరూ రెండు డిలు పంపండి. రేడియో ఆ తర్వాత ఆపండి.